కొత్త గాజు కింద తడి

నిన్న పరీక్షకని రేకుమీద అతికించి వదిలేసిన గాజుముక్కను ఊరికే గోరుతో తోశాను. అది జారింది.

బఠాణీ గింజలో సగం ఉండదు ఆ ముక్క. కడుపులోకి పంపే కెమెరా గొట్టాలను మా మామయ్య వర్క్‌షాపులో బాగుచేస్తాం. వాటి కొసకు అలాంటి ముక్కే అతికించేది నేను. జిగురు పూసి నీలిదీపం కింద ముప్పై సెకన్లు పెడితే రాయి అయిపోతుంది. నిన్నా అలాగే పెట్టాను.

ఇప్పుడు చూస్తే అంచు మాత్రమే గట్టిపడింది. లోపల తేనెలా తడి. ఇది ఈ వారమే వచ్చిన గాజు, ఏదో పూత ఉన్నది. కిటికీ దగ్గర ఎత్తి చూస్తే లేత పసుపు. ఆ పూత దీపం కిరణాలను ఆపేసింది. కిరణం తగలని జిగురు ఆరదు. ఇంత చిన్న సంగతి తట్టని నా బుర్రకు పదేళ్ల అనుభవమట!

మామయ్య చెప్పనే చెప్పాడు. "కొత్త గాజు కదే, ఓవెన్‌లో పెట్టే జిగురు వాడు. మూడు గంటలేగా."

"మీ ఓవెన్ వేడెక్కేలోపు నా దీపం పెళ్లి చేసుకుని పిల్లల్ని కంటుంది మామయ్యా" అని నవ్వింది నేనే.

అదే గాజు అతికించిన గొట్టాలు నిన్న సాయంత్రమే ఆస్పత్రికి వెళ్లిపోయాయి. ఈరోజు పదకొండింటికి అక్కడే అత్తయ్యకు కడుపు పరీక్ష. "మన పిల్ల అతికించిన అద్దమే, భయమెందుకు?" అంటూ మామయ్య ఆమెను బయల్దేరదీశాడు.

పదిన్నర దాటింది. ఫోన్ చేస్తే మామయ్య ఫోన్ ఆయన బల్లమీదే మోగింది. ఆస్పత్రి ఫోన్ ఎవరూ ఎత్తలేదు. అక్కడికే పరుగందుకున్నాను. లోపల ఊడితే గొంతు కోస్తుందా, పేగు కోస్తుందా? దారంతా అదే భయం.

పరీక్ష గది బయట బెంచీమీద కూర్చున్న మామయ్య "ఏమైందే?" అంటూ లేచి నా వెనకే వచ్చాడు. తలుపు తోశాను. అత్తయ్య పక్కకు తిరిగి పడుకుని ఉంది. డాక్టరు చేతిలో గొట్టం.

"ఆగండి! అద్దం కింద జిగురు ఆరలేదు! తప్పు నాదే!"

డాక్టరు విసుగ్గా చూసి, గొట్టం కొసను బొటనవేలితో నొక్కాడు. అద్దం ఊడి ఆయన గ్లవ్‌కు అంటుకుంది.

"ఇటు రావే" అని అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. బతికిపోయాం అనుకున్నాను. ఏడుపు ఆగలేదు.

"ఇలాంటివి ఇంకెన్ని అతికించావమ్మా?" అన్నాడు డాక్టరు.

మామయ్య నా ముఖంలోకి చూశాడు.

"ఇంకో మూడు. అన్నీ ఇక్కడికే పంపాం."

నర్సు చేతిలో ట్రే అక్కడే పడేసి పక్క గదివైపు పరుగెత్తింది. ఆ గదిలో పొద్దున్నుంచి పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి.