మైనంలో ఉండగానే

పదకొండో తరగతికి ఇంగ్లీషు, ఫిజిక్స్ ఎలాగూ తప్పవు, మిగతా మూడింట్లో మా అమ్మాయికి రెండు సబ్జెక్టులు వాటంతట అవే కుదిరిపోయాయి. బయాలజీ, సైకాలజీ. కప్ప కడుపులో ఏముందో, మనిషి బుర్రలో ఏముందో తెలుసుకోవాలట. తెలుసుకోనీ. గొడవంతా మూడోదాని దగ్గర వచ్చింది. కెమిస్ట్రీ తీసుకుంటే ముందుముందు పళ్ల డాక్టరు చదువుకి దారి ఉంటుంది. తీసుకోకపోతే ఆ తలుపు మూసుకున్నట్టే. నేను కెమిస్ట్రీ అన్నాను. అది శిల్పకళ అంది.

నేను కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు జనం నోళ్లకి అచ్చులు తీసి పంపిస్తే, వాటికి సరిపడా పళ్లు చేసి తిప్పి పంపుతాం. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి ఈ బల్ల ముందు కూర్చున్నాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. నేను చేసిన పళ్లతో ఈ ఊళ్లో ఎంతమంది నవ్వుతున్నారో తెలియదు గానీ, వాళ్లెవరూ నన్ను చూసి నవ్వలేదు. నవ్వు డాక్టరు ఖాతాలోకి పోతుంది. పన్ను గుచ్చుకుంటే మాత్రం ఫోను నాకొస్తుంది. అలాంటి ఫోను చేసే కుర్చీలో నా కూతురు కూర్చోవాలన్నది నా కోరిక. ఇందులో దాపరికమేమీ లేదు.

"మట్టి పిసకడానికి బడికెందుకే?" అన్నాను.

"తల చెయ్యడం నేర్పుతారు నాన్నా. మనిషి తల."

"మనుషుల తలకాయలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. వాటిల్లో ఏమీ లేదు."

"నువ్వు చూసేది దవడలే," అంది. వాళ్లమ్మ నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగింది.

అప్పట్నుంచీ నాకు కాలు నిలవలేదు. పన్ను చెక్కుతుంటే కత్తి పక్కకి పోయేది. లేచి నీళ్లు తాగి వచ్చి కూర్చుంటే మళ్లీ లేవాలనిపించేది. పక్క బల్ల మీద పనిచేసేది మా బావమరిదే. నోరు ఊరుకునే రకం కాదు.

"ఏం బావా, కుర్చీలో ముళ్లున్నాయా?"

"నీ మేనకోడలే ముల్లు."

"పిల్ల మట్టి కావాలంటోంది, అంతేగా. ఇచ్చెయ్. పిండి ముద్ద చేతికిస్తే గుండ్రంగా చెయ్యలేదు, అది మనిషి తల చేస్తుందా? నాలుగు రోజులు పోతే తనే చేతులు కడుక్కుని వస్తుంది. మైనంలో చూద్దాం."

మా పనిలో పళ్లను ముందు మైనంలో గుచ్చి పంపుతాం. నోట్లో పెట్టి చూసి, పొసగకపోతే డాక్టరు వెనక్కి పంపుతాడు. మైనంలో ఉన్నంతసేపూ ఏ పన్నయినా కదులుతుంది. గట్టిపడ్డాక ఇక కదలదు. చెప్పులు కొన్నా, అద్దె ఇల్లు చూసినా, మా బావమరిదీ నేనూ 'మైనంలో చూద్దాం' అనే అంటాం.

మా అమ్మాయి బళ్లోనూ అలాంటి వెసులుబాటు ఉంది. మొదట కొన్నాళ్లు రెండు క్లాసుల్లోనూ కూర్చోవచ్చు. ఆ తర్వాత తల్లో తండ్రో వచ్చి ఏదో ఒకటి చెప్పి వెళ్లాలి. నేను పెద్ద మనసు చేసుకున్నట్టు మొహం పెట్టి, "సరే, రెండూ చూడు. పొసగనిది వదిలెయ్యాలి," అన్నాను.

"మాటేనా?" అంది.

"మాటే."

కెమిస్ట్రీ చక్కగా పొసగింది. పరీక్ష పెడితే అన్నీ రైటే. ఇంటికొచ్చి అన్నం తిని, పుస్తకం మూసి పడుకునేది. మట్టి క్లాసు ఉన్న రోజు మాత్రం ఇంటికొచ్చేది వేరే పిల్ల. గోళ్లలో మట్టి, మాడిపోయిన మొహం. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. అద్దం ముందు నిలబడి తన దవడ తనే నొక్కి చూసుకునేది. ఒక సాయంత్రం నా దగ్గరకొచ్చి, "నోరు తెరువు నాన్నా," అంది. తెరిచాను. చెవి కింద వేలు పెట్టి, "ఇప్పుడు ముయ్యి. మళ్లీ తెరువు," అంది.

"నేనేమన్నా తలుపునా?" అన్నాను.

అది వినిపించుకోలేదు. "ఇక్కడ ఎముక ముందుకు జారుతోంది. నేను చేసినదానికి ఆ చోటే లేదు," అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

"పిల్ల తిండి మానేస్తోందండీ. చెప్పి మాన్పించండి," అంది మా ఆవిడ.

"నేను చెప్పక్కర్లేదు. పొసగడం లేదు, చూస్తున్నావుగా."

లోపల సంబరంగానే ఉంది. అయినా కుదురు లేదు. చెప్పులేసుకుని వీధి చివరిదాకా పోయేవాణ్ని, ఏ పనీ లేక తిరిగొచ్చేవాణ్ని.

చెప్పాల్సిన రోజు సగం పూట సెలవు పెట్టి బడికి వెళ్లాను. శిల్పం గదిలో తడి గుడ్డలు కప్పిన తలలు వరసగా ఉన్నాయి. టీచరమ్మ ఒకదాని మీద గుడ్డ తీసింది. పక్కనే మా అమ్మాయి.

దగ్గరికెళ్లి వంగి చూశాను. ఘోరంగా ఉంది. కింది దవడ లాగి వదిలేసిన సొరుగులా ముందుకొచ్చేసింది. చెవులు రెండూ చెరో ఊళ్లో ఉన్నాయి.

"ఈయన నోరు మూసుకోలేడు," అన్నాను. "అన్నం కూడా నమలలేడు."

"క్లాసు మొత్తంలో ఇదే వెనకబడింది," అంది టీచరమ్మ, ఏమీ దాచకుండా. "మీ అమ్మాయికీ తెలుసు."

"మరింకేం." మా అమ్మాయి వైపు తిరిగాను. "మాటనుకున్నాం కదే."

"అనుకున్నాం." దాని కళ్లు ఆ తల మీదే ఉన్నాయి. "కెమిస్ట్రీ తీసుకోమంటే తీసుకుంటాను నాన్నా. మార్కులు కూడా తెస్తాను. కానీ క్లాసు దాటి బయటికొస్తే దాని సంగతే గుర్తుండదు. ఇది నన్ను పడుకోనివ్వడం లేదు. దీన్నిలా వదిలేసి ఎలా రాను?"

"రానిదాన్ని పట్టుకుని వేలాడతావా?"

"రావట్లేదనే."

బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే ఆ దవడ సగం దారికొస్తుంది. చెయ్యి చాచాను.

"ముట్టుకోకు నాన్నా."

అరవలేదు. మామూలుగానే అంది. ఆ గొంతుతో నాతో ఇంట్లో ఎవరూ మాట్లాడి ఎరగరు. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

నా బల్ల మీదికి లెక్కలేనన్ని దవడలు వచ్చాయి. పొసగనివి తిరిగొస్తే డాక్టర్నో, అచ్చునో, నా తలరాతనో తిట్టుకుని, సరిచేసి పంపించాను. ఇంటికెళ్లి కంచం నిండా తిన్నాను. ఒక్క దవడా నా అన్నం చెడగొట్టలేదు. నా నిద్ర చెడగొట్టినవన్నీ డాక్టర్ల మాటలే. ఇంకా పదిహేడు నిండని పిల్ల, ఎవరూ ఏమీ అనకుండానే, మట్టి తల కోసం తిండి మానేస్తోంది. నాకొచ్చింది కోపమే అనుకున్నాను. కోపమైతే నాలుగు మాటలు తోచేవి. కన్నకూతురి మీద అసూయ అని ఎవరితో చెప్పుకోను?

"చెప్పండి," అంది టీచరమ్మ. "ఇవాళే ఆఖరు. బయాలజీ, సైకాలజీ ఉన్నాయి. మూడోది?"

కెమిస్ట్రీ అనే మాట నాలిక చివరే ఉంది. అంటే అది ఎదురు చెప్పదు. మార్కులు తెస్తుంది. కుర్చీలో కూర్చుంటుంది. నాలాంటివాడెవడికో ఫోను చేస్తుంది. ఇంటికెళ్లి కంచం నిండా తింటుంది.

"ఇదే," అన్నాను. "ఈ మట్టే."

"కాస్త సంతోషంగా చెప్పొచ్చు కదండీ."

"మీరడిగింది సబ్జెక్టు. సంతోషం అడగలేదు."

మా అమ్మాయి ఇదంతా విన్నదో లేదో. తీగ పెట్టి ఆ దవడను మొత్తం కోసి బకెట్లో పడేసింది. కింద సగం లేని మొహం ముందు నిలబడి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక పెదవి కొరుక్కుంటోంది. పిల్లని ఇంటికి తీసుకెళ్దామని వరండాలోకి వచ్చి కాచుకున్నాను. అక్కడ బెంచీ ఉంది. కూర్చోలేదు.