నా తాళం పగలగొట్టిన మనిషి

నేను ఒక పొగ ఓడను. గ్లాస్గోలో నన్ను నీళ్లలోకి దించిన రోజు బ్యాండు మేళం పెట్టారు. ఆ తర్వాత పాతికేళ్లు కాకినాడ నుంచి రంగూనుకు జనాన్ని మోశాను. పైగదుల్లో దొరలకు పరుపులు, అడుగు అంతస్తులో కూలీలకు ఉత్త చెక్కలు. అడుగున మూడు వందల మందికే చోటని నా గోడ మీదే రాసి ఉండేది. ఆరు వందల మందిని కుక్కేవారు. చదువు రాని వాళ్లా? ఆ రాత రాయించిన దొరలే!

ఒక కార్తీక మాసంలో, మిట్టమధ్యాహ్నం, నడిసముద్రంలో తుఫాను పట్టుకుంది. కూలీలు పైకి ఎగబడితే దొరసానులు బెదిరిపోతారని కప్తాను అడుగు అంతస్తు తలుపు మూయించి తాళం వేయించాడు. కాసేపటికి పక్క కిటికీ పగిలి సముద్రం లోపలికి దూకింది. రంగూను బియ్యం మిల్లులో ఉన్న మొగుడి దగ్గరికి పోతున్న పోలమ్మ రెండు చేతులా తలుపు బాదింది.

"ఓలమ్మో, నీరొచ్చేసినాది! పిల్లలు మునిగిపోతన్నారు, తలుపు తియ్యండి బాబూ!"

ఆ కేక సింహాచలం చెవిన పడింది. భీమిలి మనిషి, పదకొండేళ్లుగా నా కొలిమికి బొగ్గు వేస్తున్నవాడు. పైకి పరిగెత్తి కప్తానును తాళంచెవి అడిగాడు. గాలి తగ్గాక చూద్దాం, పనిలోకి పొమ్మన్నాడు కప్తాను.

"తగ్గేసరికి ఆళ్లుంటారేటి?" అంటూ సింహాచలం బొగ్గు కొట్టే సుత్తి తెచ్చాడు. మూడు దెబ్బలకు తాళం ఊడిపడింది. జనం ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. ఎవరి బిడ్డనో నెత్తికెత్తుకుని పోలమ్మ ఆఖరున వచ్చింది. నలుగురు మాత్రం లోపలే ఉండిపోయారు.

రంగూనులో విచారణ జరిగింది. ఓడను క్షేమంగా చేర్చినందుకు కప్తానుకు మెప్పు. ఆజ్ఞ మీరి ఓడ ఆస్తిని పాడుచేసినందుకు సింహాచలానికి మూడు నెలల జైలు. "ఆ బాబు నేకపోతే మేమందరం సచ్చిపోదుం" అని చెప్పబోయిన పోలమ్మను బంట్రోతు గుమ్మంలోనే గెంటేశాడు.

ఓడ ఆస్తి అంటే నేనే కదా! నన్నెవరడిగారు? ఇప్పుడు పాత ఇనుము కింద నన్ను ముక్కలుగా కోస్తున్నారు, కోసుకోండి. కానీ ఈ మాట విని కోయండి. సింహాచలం కొట్టిన మూడు దెబ్బల్లో ఒక్కటీ నాకు నొప్పి పెట్టలేదు. నొప్పి పెట్టినవి లోపలి నుంచి పోలమ్మ బాదిన దెబ్బలే.