ఆర్నెల్ల నంబరు

ఆవిరి రోలరు నోటికి దుప్పటి అంచు అందించి, రెండు చేతులతో ఇటూ అటూ లాగి, ముడత పోయాక వదిలాడు. దుప్పటి అవతలి వైపు వేడిగా, నున్నగా తేలింది. ఇంకోటి అందుకున్నాడు. పొద్దుటి నుంచీ హోటలు దుప్పట్లే. వాటి మీద ఎవరు పడుకుని లేచారో, ఎవరు నిద్రపట్టక దొర్లారో అతనికి అనవసరం. అతనికి కావలసింది నాలుగు మూలలు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ నాలుగు మూలలే పట్టుకుని బతుకుతున్నాడు. రెండు అరచేతులూ చెప్పుల అట్టల్లా బిరుసెక్కాయి.

లాండ్రీలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ "ఆర్నెల్లు". హోటళ్ళు కిటకిటలాడే ఆరునెలలూ ఈ దేశంలో ఉంటాడు, మిగతా ఆరునెలలూ ఇంటి దగ్గర. అక్కడ వీధిలో అడుగు పెట్టగానే "మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?" అంటారు. ఇక్కడ లాండ్రీ మెట్లెక్కగానే "ఎప్పుడొచ్చావు?" అంటారు. కన్నకూతురు కూడా, అతను ఇంట్లో ఉన్న రోజుల్లో, తడి తువ్వాలు ఎక్కడ ఆరెయ్యాలో చుట్టానికి చెప్పినట్టు చెబుతుంది. అతనికి కోపం రాదు. నోట్లో నాలుక లేని మనిషి. చెప్పిన చోటే ఆరేస్తాడు.

ఈరోజు మాత్రం చెయ్యి తిన్నగా లేదు. రెండు దుప్పట్లు మూల మడతపడి రోలరు లోపలికి వెళ్ళిపోయాయి. అవతల మడతలు పెట్టే ఆవిడ రోలరు పక్కనుంచి తొంగిచూసింది.

"ఏం ఆర్నెల్లూ, ధ్యాస ఎక్కడుంది?"

"సగం పూట సెలవక్కా. కారు నా పేరు మీదికి మార్పించుకోవాలి."

"డ్రైవరన్న కారేనా?"

"ఆయనదే."

డ్రైవరన్న ఈ సాయంత్రం విమానంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాడని లాండ్రీ అంతటికీ తెలుసు. కడుపులో పుట్టిన జబ్బు కాలేయానికి పాకిందనీ, డాక్టర్లు చేతులెత్తేశారనీ, మనిషి ఇక తిరిగి రాడనీ కూడా తెలుసు. తెలిసిన సంగతే మళ్ళీ మాట్లాడుకుని ఏం లాభమని ఎవరి దుప్పట్ల మీద వాళ్ళు పడ్డారు.

డ్రైవరన్న లాండ్రీ వ్యాను నడిపేవాడు. పెళ్ళీ గిళ్ళీ ఏమీ లేదు. ఆస్తంటూ ఉంటే ఒక పాత కారు. ఆర్నెల్లు దిగిన ప్రతిసారీ విమానాశ్రయం బయట ఆ కారు కనబడేది. తిరిగి వెళ్ళేటప్పుడు దింపేదీ అదే. వానొచ్చినా, విమానం ఆలస్యమైనా, డ్రైవరన్న బానెట్టుకి ఆనుకుని ఆవలిస్తూ నిలబడి ఉండేవాడు. "నీకెందుకన్నా ఈ శ్రమ" అంటే, "నోరు మూసుకుని పెట్టె ఎక్కించు" అనేవాడు. ఈ దేశంలో ఆర్నెల్లు కోసం ఎదురుచూసిన మనిషి ఆయన ఒక్కడే.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు డ్రైవరన్న మంచం మీద కూర్చుని ఒక మాట అన్నాడు. "ఒరేయ్, ఊరందర్నీ ఎక్కించుకుని తిప్పాను. నన్నెవడూ ఎక్కించుకోలేదురా. ఒక్కసారి నా కార్లో పక్క సీట్లో కూర్చుని, కిటికీలోంచి చూసుకుంటూ పోవాలనుంది."

"నేను తీసుకెళ్తా" అన్నాడు ఆర్నెల్లు. అనేశాక తనకే భయం వేసింది. పోయిన సీజనులో లాండ్రీ వెనకున్న ఖాళీ స్థలంలో, బట్టల తోపుడుబళ్ళ మధ్య, అతనికి డ్రైవింగు నేర్పి లైసెన్సు తెప్పించింది డ్రైవరన్నే. కానీ రోడ్డు మీద పెద్దగా నడిపింది లేదు. పైగా డాక్టరు రాసిన ఉత్తరంతో డ్రైవరన్న లైసెన్సు రద్దయింది, దాంతోపాటు బండి నంబరూ చెల్లకుండా పోయింది. ఇంకొకరి పేరూ కొత్త నంబరూ పడితే తప్ప అది రోడ్డెక్కకూడదు. ఆర్నెల్లుకి ఈ సీజను నివాస కార్డు చేతికొచ్చింది నిన్న. ఆ కార్డు లేనిదే రిజిస్ట్రేషన్ ఆఫీసులో మొహం చూడరు. ఇవాళ నంబరు పడకపోతే డ్రైవరన్న టాక్సీలో పోవాలి. ఎవరికీ ఏమీ కాదు నిజమే. కానీ ఆర్నెల్లు ప్రాణం మాత్రం దాని మీదే ఉంది.

అతను డ్రైవరన్న గది దగ్గరికి వెళ్ళేసరికి ఆయన అప్పటికే కారు ముందు ముక్కాలిపీట వేసుకుని నంబరు పలకకి ఉన్న మరలు తిప్పుతున్నాడు. చొక్కా లోపల మనిషి లేనట్టే ఉన్నాడు. కాలరులో మెడ ఊగుతోంది.

"నాకివ్వన్నా."

"నా నంబరు నేనే ఊడదీసుకుంటా. నువ్వు వెనక్కి పో."

వెనక మరలు తుప్పుపట్టి ఓ పట్టాన కదల్లేదు. ఆర్నెల్లు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి పలక ఊడి వచ్చాక, దాని కింద ఎండా వానా తగలని రంగు బయటపడింది. ఆ కారు ఆకుపచ్చదా బూడిద రంగుదా అని లాండ్రీలో ఏళ్ళ తరబడి తగువు.

డ్రైవరన్న వంగి చూసి తృప్తిగా తలూపాడు. "చూశావా, ఆకుపచ్చే. చెబితే ఒక్కడూ నమ్మలేదు."

పలకలు సంచిలో వేసుకుని బస్సెక్కారు. డ్రైవరన్న కూర్చోమన్నా కూర్చోకుండా ముందుకెళ్ళి, కడ్డీ పట్టుకుని, బస్సు నడిపేవాడి చేతుల్నే చూస్తూ, "గేరుని చంపుతున్నాడు చూడు" అని గొణుగుతూ వచ్చాడు.

ఆఫీసులో మనుషులు కిక్కిరిసి ఉన్నారు. వాళ్ళ వంతు వచ్చేసరికి కొన్ని కిటికీలు అప్పుడే మూసేస్తున్నారు. కౌంటరు ఆవిడ ఆర్నెల్లు కార్డు అటూ ఇటూ తిప్పింది.

"మీరు ఏడాదంతా ఉండరన్నమాట."

"ఉండనండి. ఆరునెలలే."

"మీరు లేనప్పుడు బండి ఎవరి బాధ్యత? ఎప్పుడూ ఇక్కడే ఉండే మనిషి సంతకం పెట్టాలి."

ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మడతలు పెట్టే ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడని పిలిపించేలోపు ఈ కిటికీ కూడా మూసేస్తారు. ఇంతలో పక్కనుంచి ఎముకలు తేలిన చెయ్యి ఒకటి ఇంకో కార్డు ముందుకి తోసింది.

"నేను పెడతానమ్మా" అన్నాడు డ్రైవరన్న.

"బండి అమ్మేది మీరేగా?"

"అమ్మితే మాత్రం, చూసుకోకూడదా?"

"ఊరొదిలి వెళ్ళే ఉద్దేశం ఏమైనా ఉందా?"

"నేనెక్కడికి పోతాను. ఇక్కడే ఉంటా."

చొక్కా జేబులోంచి విమానం టిక్కెట్టు అంచు బయటికి కనబడుతూనే ఉంది. ఆవిడ చూపు ఆ జేబు దగ్గర కాసేపు ఆగింది. తర్వాత పచ్చబడిన ఆయన కళ్ళ వైపు చూసింది. ఏమనుకుందో ఏమో, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి, ముద్ర కొట్టింది. పాత పలకలు తీసుకుని కాళ్ళ దగ్గరున్న డబ్బాలో పడేసింది. ఆ చప్పుడుకి డ్రైవరన్న కళ్ళు ఒక్కసారి మూసి తెరిచాడు.

కొత్త పలకలకి ఒక పక్కన పసుపు పట్టీ, అందులో ఎప్పటిదాకా చెల్లుతుందో రాసి ఉంది. ఏడాదంతా ఉండనివాళ్ళ బళ్ళకి అలాగే ఇస్తారట.

"బండి కూడా ఆర్నెల్లేనన్నమాట" అని డ్రైవరన్న నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

మెట్లు దిగుతూ ఆర్నెల్లు అడిగాడు. "అంత అబద్ధం ఎందుకు ఆడావన్నా?"

"అబద్ధమేముందిరా. నా సంతకం ఇక్కడే ఉంటుందిగా."

ఆర్నెల్లు ఆయన మోచెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దింపాడు.

పలకలు బిగించేసరికి ఎండ వాలింది. డ్రైవరన్న ఇస్త్రీ చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వచ్చి, అలవాటు కొద్దీ స్టీరింగు వైపుకి నడిచి, నాలుక కరుచుకుని ఇటు తిరిగాడు. పక్క సీట్లో కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఆర్నెల్లు కారు కదిలించాడు. మొదటి మలుపులో కాస్త గట్టిగా తిప్పాడు. బస్సు ఒకటి అడ్డొస్తే ఆలస్యంగా ఆపాడు. చెమటలు పట్టాయి. తిడతాడేమోనని ఓరగా చూశాడు. డ్రైవరన్న ఉలుకూ పలుకూ లేకుండా కిటికీలోంచి చూస్తున్నాడు.

"ఈ వీధి మేడలకి ఇన్ని బాల్కనీలున్నాయా" అన్నాడు కొంతసేపటికి. "ఎన్నేళ్ళు తిరిగానో. రోడ్డు తప్ప ఏమీ చూళ్ళేదురా."

"నా డ్రైవింగు ఎలా ఉందన్నా?"

"దివ్యంగా ఉంది. ఇలాగే పోనీ."

ఒక మేడ మీద ఎవరో ఆడమనిషి మొక్కలకి నీళ్ళు పోస్తుంటే మెడ తిప్పి మరీ చూశాడు. ఆ మొహంలో అంత సుఖం ఆర్నెల్లు ఎప్పుడూ చూడలేదు. దారి ఇంకా ఉంటే బాగుండుననిపించి నెమ్మదిగా నడిపాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నాడు.

విమానాశ్రయం దగ్గర చక్రాల కుర్చీ తెచ్చారు. డ్రైవరన్న వద్దనలేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆర్నెల్లు చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చే సీజనుకి నిన్నెవరు తీసుకొస్తారురా?"

ఆర్నెల్లు ఆయన ఒళ్ళో పెట్టె జారకుండా సర్దాడు. కుర్చీ తోసే మనిషి గడియారం చూసుకున్నాడు. డ్రైవరన్న చెయ్యి వదిలాడు. అద్దాల తలుపులు తెరుచుకుని, మళ్ళీ దగ్గరపడ్డాయి. ఆయన వెనక్కి తిరిగి చూశాడేమో, అద్దం మీద బయటి వెలుతురే తప్ప లోపల ఏమీ కనబడలేదు.

ఆర్నెల్లు వచ్చి కార్లో కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. ఎవరున్నారని ఆపుకోవాలి, కడుపారా ఏడ్చాడు. తర్వాత మొహం తుడుచుకుని, అవతలి తలుపు సరిగ్గా పడలేదని గమనించి, వేసుకోవడానికి పక్క సీటు మీదుగా వంగాడు. అక్కడ కాళ్ళ కింద పరిచిన రబ్బరు పట్టా ముందుకంటా జరిగి ముడుచుకుపోయి ఉంది. బ్రేకనేదే లేని ఆ చోట, దారి పొడవునా తొక్కి తొక్కి, దాని మీద డ్రైవరన్న కుడి బూటు మడమ లోతుగా అచ్చుపడి ఉంది.