తెల్లగా వదిలిన చోటు

పొద్దుటినుంచీ అదే చప్పుడు. టక్కు... టక్కు. హెడ్డు కానిస్టేబులు వరదయ్యకు తల పగిలిపోతోంది.

చప్పుడు చిన్నబ్బ ఎడమ చెప్పుది. ఆ కాలు పొట్టి. చెప్పు కింద ఎత్తుగా తెల్లటి కొయ్య బిగించుకున్నాడు. అది లేకుండా వీధి కూడా దాటలేడు. ఇప్పుడు చేతులకు బేడీలు. ఆదివారం ప్రార్థన వేళ వాడు మునసబు ఎద్దులను కొండదారిన తోలుకుపోయాడని ఇద్దరు సాక్షులు. చిత్తూరు కోర్టుకు చేరితే జైలే.

"నేను చర్చిలో ఉండినానయ్యా!"

"చెప్పేదంతా మీవాళ్లే కదప్పా. ఎవరు నమ్ముతారు? నడువు."

చంద్రగిరిలో చిత్తూరు పోయే బొగ్గు ఇంజను బస్సు కోసం ఆగారు. ఎదురింటి డ్రాయింగు పంతులమ్మ జ్ఞానాంబ మంచినీళ్లిచ్చింది. వరదయ్య ఆమె అరుగుమీద కూలబడ్డాడు. లోపలి గోడకు ఒక నీటిరంగుల బొమ్మ. పల్లెటూరి చర్చి. వెనక తడిలో కరిగిపోయిన కొండలు, వాననీలం ఆకాశం. చూస్తుంటే మండే కళ్లకు చల్లగా ఉంది. కాసేపు అన్నీ మరిచిపోయాడు.

తర్వాత లేచి దగ్గరికెళ్లాడు. చర్చి కప్పుమీద విరిగిన వేపకొమ్మ. ఇది చిన్నబ్బ ఊరి చర్చే! శనివారం గాలికి పడిందనీ, సోమవారం కొట్టేశారనీ ఊళ్లో చెప్పారు. ఆ దుంగమీదే పొద్దున తాను కూర్చున్నాడు!

"ఇది ఎప్పుడు గీసినావమ్మా?"

"మొన్న ఆదివారం. నేను పోయేసరికే లోపల పాటలు. అయిపోయేదాకా ఆడే కూర్చోని గీసినాను."

బొమ్మలో చర్చి గుమ్మం బయట విడిచిన చెప్పుల గుంపు. అందులో ఒకటి ఎత్తుగా, తెల్లగా.

"ఈ తెలుపు నిన్ననో ఇయ్యాళో పెట్టినావేమో?"

"తెల్లరంగు నేను వాడనయ్యా. అది ఉత్త కాగితం. చుట్టూ రంగు పూసి ఆ చోటు వదిలేసినాను. తర్వాత పెట్టేదానికి కుదరదు."

వరదయ్య వేలితో తడిమి చూశాడు. నిజమే, గరుకు కాగితమే.

బయట బస్సు హారను కొట్టింది. ఎక్కితే సాయంత్రానికి ఇల్లు, వేన్నీళ్లు, నిద్ర. ఎక్కకపోతే మళ్లీ ఆ ఊరు, ఆ మునసబు, ఆ ఇద్దరు దొంగసాక్షులు.

"బొమ్మ దించి గుడ్డలో చుట్టమ్మా. కోర్టులో చూపించల్ల. ముందు ఊరికి తిరిగిపోయి ఆ సాక్షులను నిలదీయల్ల."

బస్సు వెళ్లిపోయింది. వరదయ్య బేడీలు విప్పాడు. చిన్నబ్బ కళ్లు తుడుచుకుని, "మళ్లీ నడకేనా అయ్యా?" అన్నాడు.

"నడకే. ఆ చెప్పు మెల్లిగా వెయ్యరా నాయనా, తల పగిలిపోతా ఉండాది."