అశ్విని బొటనవేలు

ఆదివారం సాయంత్రం ఇంటికి రాగానే నేను చేసే మొదటి పని మా అశ్విని చేతులు కడగడం. కొబ్బరినూనె పట్టించి, బియ్యప్పిండితో రుద్ది, గోరువెచ్చని నీళ్లు పోస్తాను. తొమ్మిదేళ్ల పిల్ల. కుడి బొటనవేలు, చూపుడువేలు నల్లబడి, తోలు లేచిపోయి ఉంటాయి. అది జీడి. జీడిపిక్క కొడితే పెంకులోంచి చిమ్మే నూనె, అంటితే ఒళ్లు కాలుస్తుంది. పన్నెండేళ్లుగా పలాస ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతున్నదాన్ని, నాకు ఒకరు చెప్పాలా?

"ఎవులు కొట్టమన్నారే?"

"నాయినమ్మ. బూడిద రాసుకుంతే మండదంది. కిలో కొడితే సాక్లెట్టు."

"మీ నాన్నేటి సేత్తన్నాడు?"

"ఫోను సూసుకుంతన్నాడు."

రెండో ఆదివారం, నాలుగో ఆదివారం బిడ్డను తండ్రికి చూపించాలని కోర్టు చెప్పింది. మందస పక్కన ఉన్న వాళ్ల ఊరికి తీసుకెళ్లేది నేను, తీసుకొచ్చేది నేను, బస్సు చార్జీలు నావి. ఎందుకంటే ఇల్లు వదిలి వచ్చింది నేనట. మెడపట్టి గెంటితే వచ్చానన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ ఇంట్లో తోట పిక్కలు వీధి అరుగు మీదే కొట్టి అమ్ముతారు. నేనున్నన్నాళ్లూ ఫ్యాక్టరీ నుంచి వచ్చి మళ్లీ అక్కడ పీటేసుకునేదాన్ని. అన్నం పెట్టబోతే మాత్రం మా ఆయన ఉమామహేష్ మొహం తిప్పుకునేవాడు. "ఛీ, ఆ సేతుల్తో నాకు కూడెట్టకు." ఆ చేతుల జీతం మాత్రం ఆయనకు కంపు కొట్టలేదు. ఇప్పుడు నా పీట ఖాళీ అయింది కదా, మా అత్త బొడ్డమ్మ నా కూతుర్ని కూర్చోబెట్టింది.

అడిగితే ఏమందో తెలుసా? "ఆడపిల్ల పని నేర్సుకుంతే అరిగిపోద్దేటి? నువ్వు బతకట్లేదేటి?"

ఒళ్లు మండిపోయింది. వరసగా రెండుసార్లు పిల్లను పంపలేదు. ఆయన కోర్టుకెక్కాడు. నా మాట నేను చెప్పుకున్నాను, చేతులు కాలుతున్నాయని. ఆయన వకీలు తాపీగా అడిగాడు. "మీరేం పని చేస్తారమ్మా?" చెప్పాను. "ఒకసారి చేతులు చూపిస్తారా?" చూపించాను. పదివేళ్లూ నలుపే. "మరి ఆ మరక ఎవరింట్లో అంటిందంటారు?" వెనక బెంచీలో ఎవరో నవ్వారు. పిల్ల చేతులు చూద్దామని ఎవరూ అనలేదు. చూసినా ఏముంది, అప్పటికి నెలరోజులై మానిపోయాయి. ఖర్చుల కింద ఆయనకు మూడువేలు కట్టమన్నారు. పంపని రెండు ఆదివారాలూ అదనంగా పంపమన్నారు.

"హైకోర్టుకెళ్దాం సూర్యకుమారీ," అంది మా లాయరు ప్రమోదిని. "కానీ ఋజువేది? డాక్టరు కాగితం ఒక్కటైనా ఉందా? ప్రతిసారీ నువ్వే శుభ్రంగా కడిగేశావు కదమ్మా!"

మా వీధిలో ఏ తల్లయినా అదే చేస్తుంది. జీడి అంటితే ముందు నూనె, తర్వాత మాట. మండుతున్న వేలిని అలాగే ఉంచి, కాగితం రాయించుకోవాలని ఎవరికి తోస్తుంది?

మర్నాడే సూపర్వైజరు గోపాలరావు దగ్గరికి వెళ్లి గ్రేడింగులో వేయమన్నాను. "మతి పోయినాదేటి? సగం కూలే వత్తాది," అన్నాడు. రానీ అన్నాను, ఆ మరక నాదని ఇంకెవరూ అనలేకపోతే చాలు. తెల్లపప్పు ఏరే పని, జీడి అంటదు. చేతులు తేటపడటానికి ఆరువారాలు పట్టింది. ఈలోపు పిల్లను పంపుతూనే ఉన్నాను. పంపకపోతే జరిమానా, పంపితే జీడి. ముట్టుకోవద్దని చెప్పి పంపితే, "మీ యమ్మ నేర్పి పంపినాదా?" అని దెప్పారట. తల్లి బిడ్డ మనసు విరుస్తోందని రేపు అదీ కోర్టులో చెబుతారు. ఎటు తిరిగినా గోడే. అన్నిటికన్నా నీచం, బస్సెక్కిస్తూ నాలో నేను లెక్కేసుకోవడం, నా వేళ్లు ఇంకెన్నాళ్లకు తెల్లబడతాయని. నా బిడ్డ చెయ్యి కాలాలని కాచుకుని కూర్చున్నానా? థూ, ఏం బతుకు నాది!

ఈరోజు నాలుగో ఆదివారం. కాశీబుగ్గలో బస్సు దిగగానే అశ్విని అలవాటుగా రెండు చేతులూ నా ముందు చాపింది. బొటనవేలు కమిలి, గోరు చుట్టూ బొబ్బలెక్కింది. సందుల్లో ఇంకా బూడిద ఉంది.

"మండతన్నాదమ్మా. బేగి ఇంటికెల్లి కడుగు."

దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. నా వేళ్ల మీద ఒక్క మరక లేదు. ఇంటిదారి వదిలి పెద్దాసుపత్రి వైపు తిరిగాను.

"ఇటేటమ్మా? కడగవేటి?"

దాని చెయ్యి వదలకుండా నడిచాను.

"కడగనమ్మా. ఈరోజు మాత్రం కడగను."