లేపకండి మేడమ్

ఎక్కడ ఆపుతాడో ఈయన అనుకుంటోంది ఆమె, శిక్షణ ఇవ్వడానికొచ్చిన ప్రొఫెసర్ బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి, సోషల్ వర్క్ పరిధి ఇది, ఇందులో ఏమేం వస్తాయో చెప్పండి అన్నాడు, ఎవరో ఆసుపత్రి అన్నారు, ఎవరో జైలు, బడి, వృద్ధాశ్రమం అన్నారు, పక్క సీటావిడ, మొగుడూ పెళ్లాల తగువులూ, దిక్కులేని శవానికి మోసేవాళ్లని వెతకడమూ మన నెత్తినేగా, అవీ రాయమను అని గొణిగింది, నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే ఆ పిల్ల గుర్తొచ్చింది, నాలుగేళ్లది, గోడ వైపు తిరిగి, మెడ దాకా దుప్పటి.

నిన్న కూడా పడుకునే ఉంది, తను ఫోన్ చేసి చెప్పే వెళ్లింది మరి, చెప్పాపెట్టకుండా ఒకరింట్లో దూరితే మర్యాదేముంటుంది, మర్యాద లేని చోట నమ్మకమెక్కడిది, ఇల్లు అద్దంలా ఉంది, పిల్ల మారుతండ్రి కుర్చీ తుడిచి, కూర్చో అక్కా అన్నాడు, ఎంత నెమ్మదస్తుడు, పిల్ల చేతుల మీద కమిలిన మచ్చలు చూశానమ్మా అని పక్కింటి ఇస్త్రీ ఆమె ఊరికే చాడీ చెప్పిందేమో, తల్లి గోళ్లు కొరుక్కుంటూ, ఇప్పుడే పడుకుంది, లేపకండి మేడమ్ అంది, సరే తల్లీ, నిద్రపోయే పిల్లని లేపితే పాపం అనేది తన అత్తగారు, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా బయటికొచ్చేసింది, ఛీ, తన మంచితనానికి తనే ఎంత మురిసిపోయింది.

అంతకుముందూ నిద్రే, పొద్దున వెళ్లినా నిద్రే, సాయంత్రం వెళ్లినా నిద్రే, ప్రొఫెసర్ గుండ్రంలో గుండ్రం గీస్తున్నాడు, వ్యక్తి, కుటుంబం, సమాజం, నిన్న తల్లి చేతిలోంచి గిన్నె జారి ఖంగుమంటే తను ఉలిక్కిపడింది, తల్లి మొగుడి మొహం చూసి బిగుసుకుపోయింది, పిల్ల మాత్రం కదల్లేదు, కిటికీలో దగ్గు మందు సీసా, మూత చుట్టూ జిగురు, పాపం దగ్గేమో అనుకుంది, ఏ దగ్గు, ఎప్పుడు విన్నది, ఆ పిల్ల గొంతే వినలేదు, అయ్యో, అయ్యయ్యో.

లేచింది, ఏమ్మా, పరిధి మీరు చెప్తారా అంటున్నాడు ప్రొఫెసర్, అప్పటికే తలుపు దాటేసింది, వెళ్లాలి, ఇప్పుడే వెళ్లాలి, పిల్ల ఇంకా బతికుంటే చాలు, ఫోన్ తీసి అలవాటుగా ఆ ఇంటి నంబరు నొక్కబోయి ఆగిపోయింది, తను వస్తున్నానని ఫోన్ చేసిన ప్రతిసారీ వాళ్లు ఆ పిల్లకి మందు తాగించారు.