వాసన మామూలే

బానెట్ కింద తల దూర్చి మేస్త్రి పెట్రోలు గొట్టాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఈ మోడలు కార్లలో ఆ గొట్టం ఇంజను పక్కనున్న ఇనుప పట్టీకి ఒరుసుకుంటుంది. ఒరిసిన చోట పెట్రోలు ఊరి, నిప్పులా కాగే సైలెన్సరు గొట్టం మీద బొట్టుబొట్టుగా పడుతుంది. కంపెనీకి ఈ సంగతి తెలియనిది కాదు. కార్లన్నింటినీ వెనక్కి పిలిపించి గొట్టాలు మార్చడం మాత్రం తమ హోదాకు తక్కువని వారు భావించారు. తుడిచి, ఒక క్లిప్పు బిగించి, "వాసన మామూలే" అని చెప్పి పంపమన్నారు. ఆ రెండు మాటలు కనిపెట్టడానికి ఎందరు పట్టభద్రులు చల్లని గదిలో తలలు పట్టుకుని కూర్చున్నారో!

మేస్త్రి వీరుడేమీ కాడు. బొద్దు మనిషి. వంగిన నడుము, గోళ్ల సందుల్లో ఏ సబ్బుకూ లొంగని నలుపు. చెప్పమన్నదే ఏళ్ల తరబడి చెప్పాడు. "మీ ఒంటి కంపు కూడా మామూలేనా?" అని భార్య దెప్పితే నవ్వి ఊరుకునేవాడు.

ఈ కారు ఒక నర్సుది. మంచం పట్టిన తల్లిని వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తిప్పుతుంది. ఇదే ఫిర్యాదుతో మళ్లీ వచ్చింది.

"అన్నా, మా అమ్మ తనంతట తాను తలుపు తీసుకోలేదు. నిజం చెప్పు, ఇది అంటుకుంటుందా?"

మేనేజరు టై సవరించుకుంటూ ముందుకు వచ్చాడు. జన్మలో ఒక్క నట్టు బిగించి ఎరుగని చేతులు అతనివి.

"అద్దాలు కాస్త దించుకోండి మేడమ్. గాలాడుతుంది."

"అయితే మీ అమ్మగారిని కూర్చోబెట్టుకుని మీరే ఓ చుట్టు తిప్పి తీసుకురండి సార్."

ఆ ఘనుడికి సరిగ్గా అప్పుడే ఫోను వచ్చింది.

"సాయంత్రం దాకా ఉండనీ తల్లీ, వేడెక్కించి చూస్తాను" అన్నాడు మేస్త్రి.

ఆమె వెళ్లగానే మేనేజరు ఫోను దించాడు. "ఏంటయ్యా ఈ కొత్త వేషాలు? తుడిచి ఇచ్చెయ్."

"బిగించినవాడే నడిపి చూడాలి కదా సార్, మన షెడ్డు పద్ధతి. కారిందంటే మాత్రం తాళం ఆ పిల్లకి ఇవ్వను."

"నీ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?"

"మీరే చేసుకోండి సార్. నట్లు బిగించడం ఎంతలో వస్తుంది!"

షెడ్డంతా నవ్వింది. మేనేజరు నవ్వలేదు.

ఇంజను బాగా కాగాలంటే ఎత్తు రోడ్డు ఎక్కించాలి. మేస్త్రి అటే పోనిచ్చాడు. మలుపు దగ్గర బానెట్ సందుల్లోంచి పొగ లేచిందని అక్కడి పండ్ల బండివాడు తరువాత చెప్పాడు. బస్సు కోసం నిలబడ్డ జనాన్ని తప్పించి కారును ఖాళీ గోడవైపు తిప్పాడట. దిగే వ్యవధి మాత్రం దొరకలేదట.

కంపెనీ సంతాపం తెలిపింది. క్లిప్పు సరిగా బిగించని పనివాడి అజాగ్రత్తే ప్రమాదానికి కారణమని, కార్లను వెనక్కి పిలవవలసిన అవసరమేమీ లేదని అదే ఊపిరిలో ప్రకటించింది. మేనేజరు షెడ్డులో దానిని చదివి వినిపించాడు. ఉచ్చారణలో ఎక్కడా దోషం లేదు.

"ఆయన ఇంటికెవరు వెళ్లి చెప్పారు?" అని అడిగింది, కారు కోసం వచ్చిన నర్సు.

"హెడ్డాఫీసు చూసుకుంటుంది మేడమ్."

ఆమె అతని ముఖం కూడా చూడకుండా మేస్త్రి ఇంటి దారి అడిగి తెలుసుకుని తానే వెళ్లింది.

మర్నాడు షెడ్డు నేల కడుగుతున్న మనిషి గోడవార దాకా వచ్చి, నీళ్ల గొట్టం పక్కకు తిప్పాడు. పనిబూట్లు తొడుక్కునే ముందు మేస్త్రి విడిచిన చెప్పులు, ఇంటికి బయలుదేరేటప్పుడు కాలు పెట్టడానికి వీలుగా, వాకిలి వైపు తిరిగి ఉన్నాయి.